చైనా ప్రయాణానికి మన తెలుగు అక్షరాల సాయం

షువైఖ్‌లో పనిచేసేవారికి చైనా దూరదేశం కాదు. పోర్టులో దిగే కంటైనర్లు, ఇండస్ట్రియల్ ఏరియాలో విప్పే స్పేర్ పార్టుల అట్టపెట్టెలు, టైర్లు, టైల్సు, బల్బులు అన్నిటి మీదా ఆ బొమ్మల్లాంటి అక్షరాలు మన పిల్లలు రోజూ చూస్తూనే ఉంటారు. మన బడికి వచ్చే కుటుంబాలలో సరుకు కోసం గ్వాంగ్‌జౌ, ఈవూ వెళ్ళే వ్యాపారస్తులున్నారు. కంపెనీ పని మీద వెళ్ళే మెకానిక్కులు, ఇంజనీర్లు ఉన్నారు. ఇంటర్ అయ్యాక పిల్లలను మెడిసిన్‌కు చైనా పంపుదామా అని ఆలోచించే తల్లిదండ్రులూ ఉన్నారు. అందుకే ఈ ఏడాది సంచికలో పాఠంగా ఈ విషయం తీసుకున్నాము. ఇందులో మొదటి సగం పెద్దలకు, తర్వాతిది ముఖ్యంగా పిల్లలకు.

సింగపూరులోనూ చైనా భాష మాట్లాడతారు గాని అక్కడ ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది, తమిళం కూడా అధికార భాషే. 1975 నుంచి తెలుగు సమాజం కూడా ఉంది. కాబట్టి అక్కడికి వెళ్ళేవారి గురించి మాకు పెద్దగా బెంగ లేదు. మాట, రాత రెండూ తెలియని చోటికి, అంటే అసలు చైనాకు వెళ్ళేవారి కోసమే ఈ పాఠం.

కువైట్ దాటక ముందు

మనం కువైట్‌లో ఎన్నేళ్ళుగా ఉన్నా, వీసా విషయంలో చూసేది మన పాస్‌పోర్టునే. చైనా 2025 జూన్‌లో కువైట్ పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా లేకుండా వచ్చే వీలు కల్పించింది. ఆ వార్త విని మన ఇఖామా చూపితే చాలనుకున్నవాళ్ళున్నారు. అది కువైట్ పౌరులకు మాత్రమే. భారతీయులకు వీసా తప్పనిసరి. చూడడానికి వెళితే ఎల్ రకం, వ్యాపారానికి ఎమ్ రకం, ఆరు నెలలకు మించిన చదువుకు ఎక్స్1 రకం.

ప్రైవేటు కంపెనీలలో ఆర్టికల్ 18 మీద పనిచేసేవారికి మరో సంగతి. 2025 జూలై 1 నుంచి కువైట్ విడిచి వెళ్ళాలంటే యజమాని అనుమతితో ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. టికెట్, వీసా, హోటల్ అన్నీ చూసుకుని ఇదొక్కటి మరిస్తే ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి రావలసిందే.

వీసాలో ఒక్కసారి ప్రవేశమా, రెండుసార్లా అన్నది చూసుకోండి. షెన్‌జెన్ నుంచి హాంకాంగ్ పక్కనే ఉంది కదా, ఒక పూట చూసి వద్దామని వెళితే, లెక్క ప్రకారం చైనా నుంచి బయటికి వెళ్ళినట్లే. ఒక్కసారి ప్రవేశం ఉన్న వీసా అక్కడితో అయిపోతుంది, తిరిగి రానివ్వరు. హాంకాంగ్ వెళ్ళడానికి మన పాస్‌పోర్టువారు ముందుగా ఆన్‌లైన్‌లో వేరే నమోదు చేసుకోవాలి. 2017 జనవరి నుంచి ఈ నియమం ఉంది.

ఇక పేరు. మనవాళ్ళకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. చైనావారికీ అంతే. వాంగ్, లీ, జాంగ్ అన్నవి ఇంటిపేర్లు, అవి ముందు వస్తాయి. ఈ ఒక్క విషయంలో వాళ్ళకు మనం బాగా అర్థమవుతాము! కాని మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు గడిలో, ఒకరికి వెనక గడిలో, ఒకరికి పొడి అక్షరంగా ఉంటుంది. అక్కడ రైలు టికెట్ కూడా పాస్‌పోర్టు మీదే ఇస్తారు. కాబట్టి ఇంట్లో పిలిచే పేరు, ఆఫీసు పేరు పక్కన పెట్టి, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్లు అక్షరం తేడా లేకుండా అన్ని బుకింగుల్లోనూ రాయండి. పదహారేళ్ళు నిండిన విదేశీయులు ఎప్పుడూ పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలని అక్కడి చట్టం. హోటల్లో దిగితే పోలీసు నమోదు హోటల్‌వాళ్ళే చేస్తారు. స్నేహితుల ఇంట్లో దిగితే మాత్రం 24 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించుకోవాలి.

ఫోను, డబ్బు, ప్లగ్గు

మన బడి పిల్లవాడి నాన్నగారు ఒకరు సరుకు చూడడానికి మొదటిసారి గ్వాంగ్‌జౌ వెళ్ళారు. విమానం దిగి హోటల్ వైఫైలో వాట్సాప్ తెరిస్తే మెసేజి పోలేదు. గూగుల్ రాలేదు. ఇక్కడ సాల్మియాలో ఇల్లాలు, అక్కడ కడపలో తల్లి రాత్రంతా మేలుకునే ఉన్నారు. ఆయనకు ఏ ఆపదా రాలేదు, హాయిగా నిద్రపోయారు. చైనాలో వాట్సాప్, గూగుల్, యూట్యూబ్, ఫేస్‌బుక్ పనిచేయవన్న సంగతి ముందు ఎవరూ చెప్పలేదు, అంతే. హాంకాంగ్‌లో ఈ అడ్డు లేదు. కువైట్ సిమ్ మీద రోమింగ్ పెట్టుకుంటే సాధారణంగా ఇవి వస్తాయి, హోటల్ వైఫైలో రావు. ఏమైనా బయలుదేరే ముందే ఇంట్లోవారితో ఒక ఏర్పాటు చేసుకోండి. వీచాట్‌లో ఇద్దరూ ఖాతా తెరిచి ఒకసారి మాట్లాడి చూసుకోవాలి, అది కుదరకపోతే మామూలు ఎస్సెమ్మెస్. మనకూ వాళ్ళకూ 5 గంటల తేడా. చైనా అంత పెద్ద దేశమైనా అంతటా ఒకటే టైము.

డబ్బు దగ్గర కూడా ఫోనే. అక్కడ కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతో స్కాన్ చేసి చెల్లిస్తారు. 2023 నుంచి అలీపే, వీచాట్‌లలో విదేశీ వీసా, మాస్టర్ కార్డులు కలుపుకోవచ్చు. ఇక్కడుండగానే కలిపి, మీ బ్యాంకుకు చైనా వెళుతున్నామని చెప్పి వెళ్ళండి. అలీపేలో 200 యువాన్‌లు దాటిన ఒక్కో చెల్లింపుకు 3 శాతం రుసుము పడుతుంది. కొంత నగదు కూడా జేబులో ఉండాలి. నోట్లు తీసుకోనని అనడానికి దుకాణదారుకు చట్టం ఒప్పుకోదు, కాని చిల్లర ఉండకపోవచ్చు, కాబట్టి చిన్న నోట్లు మేలు.

కువైట్ ప్లగ్గుల మూడు పలకల కాళ్ళు అక్కడ దూరవు, అడాప్టరు కావాలి. పవర్ బ్యాంకు మీద చైనావారి 3సి గుర్తు లేకపోతే 2025 జూన్ 28 నుంచి ఆ దేశపు లోపలి విమానాల్లో ఎక్కనివ్వడం లేదు. మీరు కొన్నది చైనా సరుకే అయినా ఆ గుర్తు ఉండాలి, తిప్పి చూసుకోండి.

తెలుగు అక్షరమాల ఇక్కడ పనికొస్తుంది

పిల్లలూ, ఇది మీ వంతు. బడిలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు: క ఉంది కదా, ఖ ఎందుకు? శ, ష, స మూడూ ఒకేలా ఉన్నాయి కదా, మూడెందుకు? ఇంగ్లీషు అక్షరాలతో చైనా మాటలు నేర్చుకునేవారు తికమకపడే చోటే మన ఒత్తులు దారి చూపిస్తాయి.

చైనా మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిని పిన్‌యిన్ అంటారు. అందులో బి అని రాస్తే మన బ కాదు, ప. పి అని రాస్తే ఫ, అంటే ప కు ఒత్తు. అలాగే డి అంటే త, టి అంటే థ. జి అంటే క, కె అంటే ఖ. అందుకే వాళ్ళ రాజధాని పేరు బీజింగ్ అని చదువుతున్నా, వాళ్ళ నోట పెయ్‌చింగ్ లాగా వినబడుతుంది. ఊపిరి వదలని అక్షరం, ఊపిరి వదిలే అక్షరం అన్న తేడాయే వాళ్ళకు ముఖ్యం. అది మనకు రెండో తరగతిలోనే వచ్చేసింది.

ఎక్స్ అని రాసింది మన శ. ఎస్‌హెచ్ అని రాసింది మన ష. ధన్యవాదాలు చెప్పడానికి శ్యేశ్య అనాలి. టాక్సీ డ్రైవరును, మెకానిక్కును మర్యాదగా పిలవాలంటే షీఫు అనాలి. మనం మేస్త్రీ అన్నట్లు. ఇంకొక వింత: పిన్‌యిన్‌లో జెడ్ అని రాసే శబ్దం పరాయివాళ్ళకు కష్టం. మీకు కాదు. చాప, చలి అనే మాటల్లో మొదటి అక్షరం ఎలా పలుకుతారో అదే. చిలుక, చెట్టు లోని చ వేరు, చాప లోని చ వేరు. పూర్వం దీనికి ౘ అనే గుర్తు కూడా వాడేవారు. మీ అమ్మమ్మగారిని చాప అనమని అడిగి జాగ్రత్తగా వినండి.

అయితే ఒక చోట తెలుగు లిపి చాలదు. చైనా మాటకు రాగం ఉంటుంది. ఒకే అక్షరాన్ని నాలుగు రకాలుగా పలికితే నాలుగు మాటలు. మొదటిది డాక్టరుగారు నోరు తెరవమంటే మనం అనే ఆ లాగా పైన నిలకడగా సాగుతుంది. రెండోది ఏమిటీ అని అడిగినప్పటిలా పైకి లేస్తుంది. మూడోది కిందికి దిగి మళ్ళీ లేస్తుంది. నాలుగోది అమ్మ చాలు! అని కసిరినట్లు పైనుంచి కిందికి పడుతుంది. మా అనే అక్షరం మొదటి రాగంలో అమ్మ, రెండో రాగంలో నార, మూడో రాగంలో గుర్రం, నాలుగో రాగంలో తిట్టు. అమ్మ గుర్రాన్ని తిట్టింది అనడానికి మా మా మా అంటే సరిపోతుంది, రాగం కుదిరితే! వ్యాపారస్తులు నవ్వి ఊరుకోకూడదు. మాయ్ అన్న మాట మూడో రాగంలో కొనడం, నాలుగో రాగంలో అమ్మడం. గిడ్డంగిలో నిలబడి కొనవచ్చారో అమ్మవచ్చారో తేలకపోతే కష్టం.

మన భాషతో చుట్టరికం లేని భాషే అయినా కొన్ని చోట్ల మన పోకడే కనిపిస్తుంది. వో అంటే నేను. నీ అంటే నువ్వు. పెద్దవారినైతే నీ అనకుండా నిన్ అంటారు, అంటే మీరు. ఇంగ్లీషులో అందరూ ఒకటే యూ, ఇక్కడ అలా కాదు. నమస్కారానికి నీ హావ్, పెద్దలకు నిన్ హావ్. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు అన్నిటికీ వేరు వేరు మాటలున్నాయి. అక్కను చ్యేచ్యే అంటారు, చెల్లెలిని మెయ్‌మెయ్ అంటారు. తమ్ముడిని పిలిచే మాట మాత్రం మన హిందీ స్నేహితులు వింటే నవ్వుతారు, అది దీదీ లాగే వినబడుతుంది. అక్కడ టాక్సీ పిలిచే యాప్ పేరు కూడా దీదీయే, కాని ఆ మాట వేరు, కారు హారను చప్పుడు అది.

హుయాన్ త్సాంగ్ పేరు సాంఘిక శాస్త్రంలో చదివే ఉంటారు. 7వ శతాబ్దంలో చైనా నుంచి బయలుదేరి భారతదేశమంతా తిరిగిన బౌద్ధ భిక్షువు. ఆయన మన వేంగి ప్రాంతానికి, కృష్ణ ఒడ్డున ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి వచ్చాడు. ఆంధ్ర దేశం గురించి రాస్తూ ఇక్కడి మాట మధ్యదేశపు మాట కంటె వేరుగా ఉందనీ, అక్షరాల ఆకారం మాత్రం చాలావరకు అలాగే ఉందనీ గుర్తుపెట్టుకుని రాశాడు. పుస్తకాల కోసం వచ్చినవాడు ఊరివాళ్ళ మాటను కూడా చెవిపెట్టి విన్నాడు. మనం వెళ్ళేది సరుకు కోసమైనా, చదువు కోసమైనా, వినడానికి ఖర్చేమీ లేదు.

అంకెలు నేర్చుకోండి: యీ, అర్, సాన్, స్సు, ఊ, ల్యూ, ఛీ, పా, చ్యూ, షి. ఇందులో 4 స తో, 10 ష తో మొదలవుతాయి. గ్వాంగ్‌జౌ వైపు వాళ్ళు ష ను కూడా స లాగే పలకడం మామూలు. 4 యువాన్‌లా, 10 యువాన్‌లా అన్న అనుమానం వస్తే వేళ్ళు చూపించమనండి. చైనావారు ఒక్క చేత్తో పది దాకా చూపుతారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే 6. బొటనవేలు, చూపుడువేలు చాపితే 8, మన లెక్కన అది 2 అనిపిస్తుంది, జాగ్రత్త. రెండు చూపుడువేళ్ళు అడ్డంగా పెడితే 10. నాలుగు అన్న మాట చావు అన్న మాటకు దగ్గరగా ఉంటుందని కొన్ని భవనాల్లో 4వ అంతస్తు నంబరే ఉండదు. ఇంకొకటి, నేల మీది అంతస్తునే వాళ్ళు 1 అంటారు. కువైట్‌లో లాగా గ్రౌండు, మెజనైన్ లెక్కలు వేస్తే వేరే గదికి వెళతారు.

భోజనం

మాంసం తిననివారికి చైనాలో ఏమీ దొరకదని ఒక మాట ఉంది. అది నిజం కాదు. కూరగాయలు, సోయా పనీరు అనదగ్గ తోవ్‌ఫు, పుట్టగొడుగులు, అన్నం అంతటా ఉంటాయి. చిక్కంతా చెప్పడంలోనే. రోవ్ అంటే మాంసం. కాని వట్టి రోవ్ అంటే అక్కడ చాలాసార్లు పంది మాంసమే. కూరగాయల కూర అడిగినా రుచికి కాస్త పంది కొవ్వు, నాలుగు తునకలు వేసి ఇవ్వవచ్చు, అది వాళ్ళ దృష్టిలో మాంసం కూర కాదు. కాబట్టి మాంసం వద్దు అనడం కంటె వో ఛి సూ, అంటే నేను శాకాహారిని, అనడం మంచిది. గుడ్డు కూడా తిననివారు అది విడిగా చెప్పాలి. బౌద్ధుల శాకాహార భోజనశాలలు పెద్ద ఊళ్ళలో ఉంటాయి. వాటిలో కొన్నిటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మన ఏకాదశి భోజనంలా ఉంటుంది.

పంది మాంసం తినని ముస్లిం సోదరులు, అలాగే మామూలుగా పంది వద్దనుకునే మనవాళ్ళు ఛింగ్‌చన్ అన్న మాట గుర్తుపెట్టుకోవాలి. హలాల్ అని అర్థం. లాన్‌జౌ నూడుల్సు దుకాణాలు దాదాపు ప్రతి ఊళ్ళో ఉంటాయి, అవి సాధారణంగా ముస్లింలవే. గ్వాంగ్‌జౌలో, ఈవూలో అరబ్బు వ్యాపారులు ఎక్కువ కాబట్టి హలాల్ హోటళ్ళకు కొదవ లేదు.

మీ పిల్లలకు వేరుశెనగ పడదా? అయితే ఇది అశ్రద్ధ చేయవద్దు. దక్షిణ చైనా వంటల్లో వేరుశెనగ నూనె ఎక్కువ. హ్వాషంగ్ అంటే వేరుశెనగ. మాకు ఫలానాది పడదు, తింటే ప్రాణం మీదికి వస్తుంది అని చైనా లిపిలో కాగితం మీద రాయించి నాలుగు ప్రతులు పట్టుకెళ్ళండి, వంటవాడి చేతికే ఇప్పించండి. ఈ విషయంలో ఫోనులోని అనువాదాన్ని నమ్మమని మేము చెప్పము.

కుళాయి నీళ్ళు తాగకూడదు. కాని స్టేషన్లలో, రైళ్ళలో మరిగించిన వేడినీళ్ళు ఉచితంగా దొరుకుతాయి. ఒక ఫ్లాస్కు, ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్లు ఉంటే రైలు ప్రయాణం సుఖంగా సాగుతుంది. కందిపొడి సరే. మాంసం పచ్చళ్ళు, తాజా పళ్ళు, కూరగాయలు, పాలు, పెరుగు, వెన్న మాత్రం చైనా కస్టమ్స్ రానివ్వదు. నెయ్యి డబ్బా కూడా ఇంట్లోనే ఉంచడం మేలు.

తినే పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకండి. చనిపోయినవారి ముందు అగరొత్తులు గుచ్చినట్లు ఉంటుందని వాళ్ళకు బాధ. పిండం పెట్టే తీరు తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఏదైనా ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వాలి. గోడ గడియారం బహుమతిగా ఇవ్వకూడదు, ఆ మాట అంత్యక్రియల మాటలా వినబడుతుంది. ఫ్యాక్టరీవాళ్ళు ప్రేమగా సారా సీసా బహూకరిస్తే దండం పెట్టి అక్కడే వదిలి రండి. కువైట్ ఎయిర్‌పోర్టులో దానికి మర్యాద ఉండదు.

బేరం, లెక్క

చైనా కొత్త సంవత్సరం జనవరి, ఫిబ్రవరి నెలల్లో వస్తుంది. ఆ రోజుల్లో, అలాగే అక్టోబరు మొదటి వారంలో ఫ్యాక్టరీలు మూసి ఉంటాయి, రైళ్ళు కిటకిటలాడతాయి. 1957 నుంచి గ్వాంగ్‌జౌలో జరుగుతున్న కాంటన్ ఫెయిర్ ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మూడు విడతలుగా ఉంటుంది. స్పేర్ పార్టులవారు మొదటి విడతకు వెళ్ళాలి, మూడో విడతకు వెళితే బట్టలు, బొమ్మలు చూసి రావాలి.

ధర ఎంత అనడానికి తువో షావ్ ఛ్యెన్. చాలా ఎక్కువ అనడానికి థాయ్ క్వెయ్ ల. పళ్ళ దుకాణంలో రాసిన ధర కిలోకు కాదు, చిన్‌కు. ఒక చిన్ అంటే 500 గ్రాములు. తగ్గింపు బోర్డు మీద 8 చ అని ఉంటే 80 శాతం తగ్గింపు అనుకుని పరుగెత్తకండి. పది వంతుల్లో ఎనిమిది వంతులు మీరు కట్టాలని దాని అర్థం. పెద్ద లెక్కల్లో వాళ్ళకు లక్ష లేదు, పదివేలే ఒక మెట్టు, దాన్ని వాన్ అంటారు. మన లక్ష వాళ్ళకు పది వాన్‌లు. ఆర్డరు మాట్లాడేటప్పుడు నోటి మాట వదిలి కాగితం మీద సున్నాలన్నీ రాయించుకోవడం ఒక్కటే మార్గం.

చదువుకు పంపే తల్లిదండ్రులకు

ఇంగ్లీషులో పాఠాలు చెబుతారన్నది నిజమే, కాని వార్డులో రోగి ఇంగ్లీషులో మూలగడు. నొప్పి ఎక్కడ అని అడిగే మాట రాకపోతే క్లినికల్ చదువు పుస్తకానికే పరిమితమవుతుంది. 2021 నవంబరులో వచ్చిన మన నేషనల్ మెడికల్ కమిషన్ నియమాల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీషు మాధ్యమంలో ఉండాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ ఆ విద్యాసంస్థలోనే చేయాలి. ఏజెంటు మాట కంటె ఈ నియమాల కాగితం ముందు చదవండి. ఎక్స్1 వీసా మీద వెళ్ళినవారు దిగిన 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి.

2020లో కరోనా మొదలైనప్పుడు ఊహాన్‌లో చదువుకునే పిల్లలు, శిక్షణకు వెళ్ళిన ఆంధ్ర ఇంజనీర్లు చిక్కుకున్నారు. జనవరి ఆఖరున, ఫిబ్రవరి మొదట్లో ఎయిరిండియా విమానాలు వెళ్ళి భారతీయులను తీసుకువచ్చాయి. అటువంటి రోజున వెతుక్కోకుండా ఇప్పుడే రాసిపెట్టుకోవలసినవి: పోలీసు 110, అంబులెన్సు 120, అగ్నిమాపకం 119. మన ఎంబసీ బీజింగ్‌లో, కాన్సులేట్లు షాంఘై, గ్వాంగ్‌జౌ, హాంకాంగ్‌లలో ఉన్నాయి. పాస్‌పోర్టు, వీసా ప్రతులు ఒకటి పెట్టెలో, ఒకటి ఇక్కడ ఇంట్లో. హోటల్ కార్డు చైనా లిపిలో ఉన్నది జేబులో. చిన్నపిల్లలుంటే వాళ్ళ జేబులోనూ ఒకటి.

ఇంటి దగ్గర చేయవలసిన అభ్యాసం

1. ఆపిల్స్ బోర్డు మీద చిన్ 6 యువాన్‌లు అని ఉంది. 2 కిలోలు కొంటే ఎంత?

2. చొక్కా ధర 200 యువాన్‌లు. బోర్డు మీద 7 చ అని ఉంది. ఎంత కట్టాలి?

3. కువైట్‌లో రాత్రి 9 గంటలకు నాన్నకు ఫోను చేద్దామనుకున్నారు. గ్వాంగ్‌జౌలో అప్పుడు టైము ఎంత? ఏ సమయానికి చేస్తే బాగుంటుంది?

4. చాప లోని చ తో మొదలయ్యే మాటలు అయిదు, చిలుక లోని చ తో మొదలయ్యేవి అయిదు రాయండి. పెద్దల చేత పలికించి సరిచూసుకోండి.

5. ఇంట్లో అట్టపెట్టెల మీద చైనా అక్షరాలు వెతకండి. నలుచదరపు గడి లాంటిది నోరు. నడిచే మనిషి రెండు కాళ్ళలా ఉన్నది మనిషి. మూడు శిఖరాలున్నది కొండ. దొరికినవి నోటు పుస్తకంలో దించి బడికి తీసుకురండి.